అనంతపురంలో పైథాన్ క్లాస్, మా మామ అంగట్లో పొటాష్ బస్తా

సప్తగిరి సర్కిల్ దగ్గర మేడ మీద శని ఆదివారాలు చెప్పే పైథాన్ (ప్రోగ్రామ్‌లు రాసే భాష) క్లాస్‌కి రెండు నెలలు పోయినా, పేరు వద్దులే, ఫోర్ స్టార్స్ ఇస్తున్నా. ఒక స్టార్ యాడ పోయిందంటే సిస్టమ్స్ కాడ. ఇద్దరికి ఒకటి, కరెంటు పోతే ఇన్వర్టర్ ఫ్యాన్లకే, కంప్యూటర్లకు లేదు.

ఇంక చెప్పేదాని గురించి. మా మామకు ఎరువుల అంగడి ఉంది, బిల్లు వేసేదానికి నేనే చిన్న ప్రోగ్రామ్ రాసిచ్చినా, సరుకు కోడ్ నంబర్ కొడితే డిక్షనరీలోంచి (ఒక్కో కీకి ఎదురుగా దాని రేటు పెట్టుకునే పట్టీ) రేటు రావాల. రాకుండా, ఆ కీ లేదని కీఎర్రర్ వస్తాంటే యాడో వీడియోలో చూసి అన్నిచోట్లా గెట్ పెట్టి, దొరక్కుంటే సున్నా ఇవ్వమని రాసేసినా. ఎర్రర్ పోయింది, నేను హ్యాపీ. నాలుగో రోజు మామ ఫోను, "ఏం అల్లుడూ, 1350 రూపాయల డీఏపీ బస్తా ఊరికే ఇచ్చేస్తాందే నీ కంప్యూటరు?"

క్లాస్‌లో సార్‌కు చూపిస్తే ఫస్టు ఆ గెట్‌లన్నీ తీసేయించినాడు. మళ్లీ రన్ చేస్తే కీఎర్రర్ 101. "నంబర్‌కు కొటేషన్లు ఉన్నాయా చూడప్పా" అన్నాడు. లేవు. డిక్షనరీ కీస్ ప్రింట్ చేస్తే అన్నిటికీ ఉన్నాయి! సీఎస్‌వీ ఫైల్లోంచి (కామాలతో విడదీసిన పట్టీ) చదివిందంతా స్ట్రింగే, అంటే అక్షరాలే కదా, నేనేమో కొట్టిన కోడ్‌ను ఇంట్, అంటే అంకె చేసి వెతుకుతున్నా, ఇంక యాడ దొరుకుతాది.

అసలు మజా పొటాష్‌తో. పేరు కొట్టి వెతికితే అదొక్కటే దొరకదు, కంటికి కొట్టిన పేరూ డిక్షనరీలో పేరూ రెండూ ఒకటే, అటూ ఇటూ ఖాళీలు తీసేసే స్ట్రిప్ వేసినా అంతే. సార్ రెండిటికీ లెన్ (ఎన్ని క్యారెక్టర్లో లెక్క) వేయమన్నాడు, ఒకటి 6, ఒకటి 7. కనపడనివి కూడా చూపించే రెప్ర్ వేస్తే చివర్లో బ్యాక్‌స్లాష్ యూ 200సీ అని బయటపడింది. మామ ఫోన్లో తెలుగు కీబోర్డు పొల్లు తర్వాత కనపడని క్యారెక్టర్ ఒకటి అతికిస్తాందంట, జీరో విడ్త్ నాన్ జాయినర్, అది స్పేస్ కాదు కాబట్టి స్ట్రిప్ ముట్టుకోదు. రీప్లేస్‌తో పీకేయాల, అదీ డిక్షనరీ నింపేటప్పుడూ వెతికేటప్పుడూ రెండుచోట్లా, నేను ఒక్కచోటే వేసి సార్‌తో మళ్లీ తిట్లు తిన్నా.

సార్‌కు ఓపిక ఉంది గానీ సిలబస్ కదలదు. నా పొటాష్‌కే గంట పోయింది, వెనకాల పిల్లోళ్లు రీల్స్ చూస్తా కూర్చున్నారు పాపం. ఫైల్ హ్యాండ్లింగ్ చివర్లో పరిగెత్తించినాడు. ఇంటర్వ్యూలకైతే వేరే యాడన్నా చూసుకోండి. సొంతంగా ఏదో రాసుకుని ఇరుక్కుపోయినోళ్లు మాత్రం మీ ల్యాప్‌టాప్ మీరే మోసుకుని పోండి, ఫుల్ చార్జింగ్‌తో. బండి పెట్టేదానికి జాగా లేదు.