ఈక్వేషన్ సాల్వర్ యాప్: ఆన్సర్ ఉన్నప్పుడు సూపర్, లేనప్పుడే గొడవ

మూడు నాలుగు వేరియబుల్స్ ఉన్న లీనియర్ ఈక్వేషన్లు సాల్వ్ చేసే యాప్ ఒకటి ఫోన్‌లో వేసుకుని వాడుతున్నా. పేరు చెప్పను గానీ కొనేముందో దింపుకునేముందో ఏం చూడాలో చెప్తా.

స్టెప్పులు మాత్రం శుభ్రంగా చూపిస్తుంది. ఎక్స్ + వై + జెడ్ = 6, 2ఎక్స్ − వై + జెడ్ = 3, ఎక్స్ + 2వై − జెడ్ = 2 ఇచ్చా. మొదటిదాన్ని రెండింతలు చేసి రెండోదాంట్లోంచి తీసేసి −3వై − జెడ్ = −9 అంది, మూడోదాంట్లోంచి మొదటిది తీసేసి వై − 2జెడ్ = −4 అంది, ఇక అక్కడ్నుంచి 1, 2, 3 రావడం ఎంతసేపు. వచ్చిన విలువల్ని మళ్లీ మూడింట్లోనూ వేసి చెక్ చేసి చూపిస్తుంది, అది నాకు భలే నచ్చింది.

గొడవంతా ఇక్కడ. మూడో ఈక్వేషన్ మార్చి 3ఎక్స్ + 2జెడ్ = 9 అని పెట్టా. అది మొదటి రెండూ కూడితే వచ్చేదే, కొత్త సమాచారం ఏమీ లేదు, అంటే లెక్కలేనన్ని ఆన్సర్లు: జెడ్‌ని టీ అనుకుంటే ఎక్స్ = 3 − 2టీ/3, వై = 3 − టీ/3. యాప్ ఏమందంటే "ఎర్రర్". సరే అని 9 తీసి 10 పెట్టా, ఇప్పుడు నిజంగానే ఆన్సర్ లేదు, దానికీ అదే "ఎర్రర్". డిటర్మినెంట్ (వేరియబుల్స్ ముందున్న అంకెల నుంచి లెక్కించే సంఖ్య, అది సున్నా అయితే ఒకే ఒక్క ఆన్సర్ ఉండదు) సున్నా రాగానే చేతులెత్తేస్తే ఎలా బాబూ, ఒకదానికి బోలెడు ఆన్సర్లు, ఇంకోదానికి ఒక్కటీ లేదు, పరీక్ష రాసేవాడికి తేడా తెలియాల్సింది అక్కడే కదా!

క్రామర్ రూల్ (డిటర్మినెంట్లని భాగించి ఆన్సర్ రాబట్టే పద్ధతి) ఆప్షన్ కూడా ఉంది, ముట్టుకోకండి. 5 వేరియబుల్స్ ఇస్తే 6 డిటర్మినెంట్లు, ఒక్కోటి 5×5, స్క్రోల్ చేసి చేసి వేలు నొప్పెడుతుంది. గాస్ ఎలిమినేషన్, అంటే పైన చేసినట్టు ఒక్కో వేరియబుల్‌ని తీసేసుకుంటూ పోయే పద్ధతి, పెట్టుకోండి చాలు.

ఇంకోటి, సెట్టింగ్స్‌లో భిన్నాలు ఆన్ చేసుకోండి, లేకపోతే 1/3 బదులు 0.3333 ఇస్తుంది, అది చేత్తో వెనక్కి వేసి చూస్తే కుడివైపు విలువ సరిగ్గా కలవదు. లేని వేరియబుల్ దగ్గర 0 మనమే కొట్టాలి, గడి ఖాళీగా వదిలితే ముందుకే వెళ్లదు.

3 స్టార్లు. ఆ ఎర్రర్ సంగతి సరిచేస్తే ఇంకోటి వేస్తా.