దుంగలా, కల్వర్టా, చెట్లా: సాల్మన్ వాగుకు ఏది మేలు?

వాగులో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ వాగుకే వచ్చే సాల్మన్ చేపలు తగ్గిపోయిన వాగు ఒకటుంది. చేతిలో ఉన్న డబ్బు ఒక్క పనికే సరిపోతుంది. వాగులో పెద్ద పెద్ద దుంగలు వేయాలా, రోడ్డు కింది పాత కల్వర్టు మార్చాలా, ఒడ్డున చెట్లు నాటాలా? ఫొటోకి బాగుండేది దుంగలే. నన్నడిగితే మాత్రం ముందు కల్వర్టు దగ్గరికి వెళ్ళి చూడమంటాను.

చూడాల్సింది దిగువ వైపు. ఏళ్ళ తరబడి పైపులోంచి జోరుగా పడే నీళ్ళు కింద మట్టిని కోసేస్తాయి, పైపు అంచు గాల్లో వేలాడుతూ మిగులుతుంది. పెద్ద చేప ఎలాగో ఎగిరి లోపలికి దూరినా, ఆ పైపులో అలుపు తీర్చుకునే చోటుండదు. చల్లటి నీళ్ళ కోసం ఎగువకు పోవాలనుకునే వేలెడు పిల్లలకైతే అరడుగు ఎత్తు కూడా గోడే. పైన ఎంత మంచి వాగున్నా వాటికి లేనట్టే. పైపు తీసేసి, వాగు వెడల్పుకు సరిపడా వంతెన కడితే ఆ వాగంతా ఒక్కసారిగా తెరుచుకుంటుంది.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఈ గొడవ కోర్టుకెక్కింది. ప్రభుత్వంతో చేసుకున్న పాత ఒప్పందాల ప్రకారం చేపలు పట్టుకునే హక్కున్న ఆదివాసీ తెగలు, కల్వర్టులు చేపల్నే రానివ్వకపోతే ఆ హక్కు ఎందుకని వాదించాయి. కల్వర్టులు మార్చాలని 2013లో కోర్టు రాష్ట్రాన్ని ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు 4-4గా చీలిపోవడంతో ఆ ఆదేశమే నిలిచింది. అదే రాష్ట్రంలోని ఎల్వా నదిపై, సముద్రానికి 8 కిలోమీటర్ల దూరంలో, 1913 నాటికే చేపలకు దారి లేని డ్యామ్ ఒకటి కట్టేశారు. ఆ పైన మరొకటి. 2011లో మొదలుపెట్టి 2014కల్లా రెండూ తీసేశారు. ఆగిపోయిన ఒండ్రంతా కిందికి వచ్చి నది కొన్నాళ్ళు బురదమయమైంది గానీ, చేపలు మాత్రం డ్యామ్‌లు దాటి పైకి వెళ్ళాయి.

అడ్డు తీయడం అన్నిచోట్లా మంచిదేం కాదు. దిగువన బయటి జాతి చేపలు చేరి ఉంటే, ఎగువ చేపలకు ఆ పాడు కల్వర్టే కాపలా కాస్తుండొచ్చు.

ఇక దుంగలు. ఇక్కడో తమాషా ఉంది. చేపలకు అడ్డొస్తున్నాయని ఒకప్పుడు అధికారులే వాగుల్లోంచి దుంగలు ఏరి పారేయించారు. ఇప్పుడు కొన్నిచోట్ల హెలికాప్టర్లతో తెచ్చి మరీ వేయిస్తున్నారు! వేళ్ళతో సహా పడ్డ మాను వెనక నీళ్ళు నెమ్మదిస్తాయి, పక్కన మడుగు తవ్వుకుంటుంది. సముద్రానికి పోకముందు దాదాపు ఏడాది వాగులోనే పెరిగే కోహో రకం సాల్మన్ పిల్లలకు అదే ఇల్లు. పింక్, చమ్ రకాల పిల్లలు బయటపడ్డ కొద్దిరోజులకే సముద్రం దారి పడతాయి కాబట్టి, వాటికి మడుగుల కన్నా శుభ్రమైన గులకరాళ్ళే ముఖ్యం. ఆడచేప పక్కకి ఒరిగి, తోకతో రాళ్ళు ఎగజిమ్మి గుంట చేసి, గుడ్లు పెట్టి మళ్ళీ రాళ్ళతో కప్పేస్తుంది. ఆ రాళ్ళ సందుల్లోంచి నీళ్ళు పారుతుంటేనే గుడ్లకు ఆక్సిజన్. కొండ మీద కలప లారీల కోసం వేసిన పాత మట్టిరోడ్డు జారి బురద వస్తుంటే ఆ సందులు పూడిపోతాయి. అప్పుడు దుంగల కన్నా ముందు ఆ రోడ్డు సంగతి చూడాలి. రాళ్ళల్లోకి చెయ్యి పెట్టి కదిపితే ఎంత బురద లేస్తుందో చూసినా కొంత అర్థమవుతుంది.

చెట్ల గురించి పెద్దగా వాదన అక్కర్లేదు. నీడ రావడానికి దశాబ్దాలు పడుతుంది, అందుకే మిగతా ఏ పని ఎంచుకున్నా ఇది ఈ ఏడాదే మొదలుపెట్టాలి. ఎండాకాలంలో నీళ్ళు 20 డిగ్రీలు దాటితే సాల్మన్‌కు కష్టకాలమే.

ఈ మూడూ పనికిరాని వాగులూ ఉన్నాయి. అదే వాషింగ్టన్ రాష్ట్రంలోని సియాటిల్ నగరం చుట్టుపక్కల ఎంతో ఖర్చుపెట్టి బాగుచేసిన వాగుల్లోకి కోహోలు తిరిగొచ్చాయి, వాన పడ్డాక కొన్ని గంటల్లోనే, గుడ్లు పెట్టకుండానే చచ్చిపోయాయి. కారణం 2020లో తేలింది. టైర్ల రబ్బరులో కలిపే ఒక రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి విషంగా మారి, వాన నీళ్ళతో రోడ్ల మీంచి వాగులోకి దిగుతోంది. ఆ నీళ్ళనే ఇసుక, కంపోస్టు పొరల్లోంచి వడగట్టి పరీక్షిస్తే కోహోలు బతికాయి. అలాంటి వాగు దగ్గర నేనైతే డబ్బంతా ఆ వడపోతకే పెడతాను.