జిప్సీకి చేయించుకున్న కింది ప్లేటు: నాలుగేళ్ల తర్వాత

ఏలేశ్వరం దాటాక మా జీడితోటకి వెళ్లే దారిలో ఒక వాగుంది. వానలు తగ్గాక నీళ్లు మోకాలి లోతుకి దిగుతాయి గానీ, అడుగున గుండ్రాళ్లు మాత్రం ప్రతి ఏడూ చోటు మారుస్తాయి. అలా మారిన రాయి ఒకటి నాలుగేళ్ల కిందట మా మారుతి జిప్సీ ఆయిల్ చాంబర్‌కి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టికి, తగిలింది. పెద్ద చప్పుడేం రాలేదు. ఒడ్డెక్కి వంద గజాలు పోయాక ఆయిల్ లైటు వెలిగింది. దిగి చూస్తే దారి పొడుగునా నల్లటి చార. వెంటనే ఇంజిన్ ఆపాను కాబట్టి బతికింది. ట్రాక్టరుకి తాడు కట్టి ఊళ్లోకి లాక్కొచ్చాం.

ఆ వారమే కింద ప్లేటు వేయించాను. ఇప్పటికి 38,000 కిలోమీటర్లు తిరిగింది, అందులో సగం మట్టిదారే.

నేను కాపాడుకోవాలనుకున్నవి రెండే చోట్లు. ముందు చాంబర్, మధ్యలో ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే ఇంజిన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంచే పెట్టె. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు గేర్‌బాక్సుకి అతుక్కుని ఉండదు, మధ్యలో చిన్న షాఫ్టుతో విడిగా చాసీకి వేలాడుతుంది. గట్టు ఎక్కి దిగేటప్పుడు బండి పొట్ట ఆనిందంటే దెబ్బ దానికే. అవి చాలక మూడోదిగా వెనక ఇరుసు హౌసింగ్‌కి కూడా ఒక గార్డు చేయించాను. అది దండగ. హౌసింగ్ అసలే మందపాటి ఇనుము, దానికి ఇంకో కవచం ఎందుకు? పైగా గార్డు సందులో చిన్న రాళ్లు ఇరుక్కుని గలగలలాడేవి. ఆరు నెలలకి పీకేశాను.

ప్లేటు 4 ఎం.ఎం మైల్డ్ స్టీలు. అల్యూమినియం ఆలోచన వచ్చింది, అంతే కొలతకి బరువు మూడో వంతే. కానీ మా దగ్గర దాన్ని వెల్డింగ్ చేసే చేయి లేదు. ఇనుమైతే వంగినా సుత్తితో సరిచేసుకోవచ్చు. బరువు లెక్క సులువు: చదరపు మీటరు ఇనుప ప్లేటు ఒక్కో ఎం.ఎం మందానికి 7.85 కేజీలు. ముందు ప్లేటు 800 × 600 ఎం.ఎం, అంటే 15 కేజీలు. మధ్యది 500 × 500, దాదాపు 8. బ్రాకెట్లూ బోల్టులూ కలిపినా 30 దాటలేదు. జీడిపిక్కల బస్తాలో సగం కూడా కాదు, కమాన్ కట్టల బండికి తెలియను కూడా తెలియదు. షాపులో పైన గీతలు ఉబ్బెత్తుగా ఉండే చెకర్ ప్లేటు అంటగట్టబోయారు, చూడ్డానికి బాగుంటుందని. కింద ఎవరు చూస్తారు? పొట్ట రాయి మీద జారిపోవాలి, పట్టుకోకూడదు. నున్నటిదే తీసుకోండి.

మొదటి ప్లేటులో చేసిన తప్పు వంపు దగ్గర. మూలని కోసి, కావలసిన వాలుకి పెట్టి వెల్డింగ్ చేశారు. ఏడాది తిరక్కుండానే ఆ వెల్డింగ్ పక్కన వెంట్రుకంత పగులు కనపడింది. రెండోది విజయవాడ ఆటోనగర్‌లో మెషిన్ మీద ఒకే ముక్కగా వంచాను. రెండు పక్కలా అంచులు అంగుళం పైకి మడిపించాను. ఆ మడతతోనే ప్లేటుకి సగం బలం వచ్చింది. చాంబర్‌కీ ప్లేటుకీ మధ్య ఖాళీ మొదట అరంగుళం ఉంచాను, చాలలేదు. ఒక దెబ్బకి ప్లేటు లోపలికి సొట్టపడి చాంబర్‌ని ముద్దుపెట్టుకుంది, ఇంజిన్ స్టార్ట్ చేస్తే ఒకటే జివ్వుమనే మోత. ఇప్పుడు అంగుళంన్నర ఉంది, మోత లేదు.

బిగింపు పూర్తిగా చాసీకే. ఒక కొస చాసీకి, ఇంకో కొస గేర్‌బాక్సుకి అసలు పెట్టకండి. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద ఊగుతుంది, చాసీ ఊగదు. ఈ రెంటి మధ్య ప్లేటు నలిగిపోతుంది. చాసీ మీద వెల్డింగూ వద్దు, కన్నాలూ వద్దు. యూ బోల్టులతో బ్రాకెట్లు పట్టించి, వాటికి ప్లేటు బిగించాను.

అసలు కథ బోల్టు తలలది. మొదటిసారి మామూలు ఆరు మూలల బోల్టులు కిందనుంచి బిగించాం. వెల్డింగ్ చేసే పెద్దాయన అప్పుడే అన్నాడు: "ఆయ్, ప్లేటు మందం కాదండీ, ఆ బోల్టు తలకాయలు చూసుకోండి, రాయి గీసేస్తదండీ." వినలేదు. ఆయిల్ మార్చే రోజున పానా పెడితే పట్టు దొరకలేదు. మూలలన్నీ అరిగి, తలలు గోళీకాయల్లా గుండ్రంగా నున్నగా తయారయ్యాయి. ఎనిమిదింట్లో ఆరు గ్రైండర్‌తో కోశాం, ఆయిల్ మార్చడానికి సాయంత్రం అయింది. తల ప్లేటులోకే దిగిపోయే కౌంటర్‌సంక్ బోల్టులు పెడదామంటే 4 ఎం.ఎం ప్లేటులో 10 ఎం.ఎం బోల్టు తల పూర్తిగా దిగదు. చివరికి మందపాటి పైపుని ఉంగరాల్లా కోసి, ఒక్కో బోల్టు చుట్టూ ఒక్కోటి వెల్డింగ్ చేయించాను. ఉంగరం ఎత్తు తల కన్నా కొంచెం ఎక్కువ. రాయి ఉంగరాన్ని గీస్తుంది, తల క్షేమం. ఒకటే గొడవ, ఉంగరంలో బురద గట్టిపడుతుంది. పానా పెట్టేముందు స్క్రూడ్రైవర్‌తో గోకాలి. బోల్టులు గట్టి రకం, 8.8 గ్రేడువి. నట్టులు నైలాక్, లోపల నైలాన్ రింగుతో వదులవకుండా పట్టుకునేవి. ప్లేటుకీ బ్రాకెట్లకీ మధ్య పాత ట్యూబు ముక్కలు వేసి చూశాను, మోత తగ్గింది గానీ రబ్బరు నలిగే కొద్దీ నట్టులు వదులయ్యాయి. తీసేశాను.

ఇంకొకటి చెప్పాలి, ఇది మోత కన్నా ముఖ్యం. రెండో వేసవిలో తోటలో బండి ఆపి దిగితే ఆకు కాలిన వాసన. పక్క తోటలో చెత్త తగలబెడుతున్నారేమో అనుకున్నా. వంగి చూస్తే ప్లేటు మీంచి సన్నగా పొగ. జీడాకులు, ఎండుగడ్డి దొప్పెడు పేరుకుని సైలెన్సర్ పైపుకి ఆనుకున్నాయి. బిందెడు నీళ్లు పోశాను. ఆ రోజు వచ్చిన టెన్షన్ ఇప్పటికీ పోలేదు. తర్వాత పైపు పక్కన ప్లేటుని జానెడు మేర కోసేసి, వెనక వైపు పొడుగు సందులు పెట్టించాను. చెత్త కిందికి రాలిపోతుంది, కడిగిన నీళ్లు నిలవవు, ఇంజిన్‌కి కాస్త గాలీ ఆడుతుంది. ఎండాకాలం తోటకి వెళ్లొచ్చిన ప్రతిసారీ చేయి పెట్టి చూస్తాను.

చాంబర్‌లోంచి ఆయిల్ దించే నట్టు కింద, ప్లేటుకి గుండ్రటి కన్నం ఉంటే ప్లేటు దించకుండానే మార్చుకోవచ్చు. నాది వేలెడు పక్కకి పడింది. సగం ఆయిల్ డబ్బాలోకి, సగం ప్లేటు మీదికి. నట్టు మీద సుద్దముక్క రాసి, ప్లేటు ఆనించి, అచ్చు పడ్డ చోట కోయించుకోండి.

ప్లేటుని బంపర్ దాటి ముందుకి రానివ్వలేదు. బంపర్ ముందు బిగించే ఇనుప క్రాష్ గార్డులు కూడదని 2017 డిసెంబర్‌లో కేంద్రం ఆదేశాలిచ్చాక రోడ్డు మీద ఆపి అడుగుతున్నారు, ఆ తలనొప్పి ఎందుకు. మీ బండికి ఎయిర్‌బ్యాగులుంటే మాత్రం, వాటి పనికి అడ్డు రావచ్చు కాబట్టి, నాలాగా సొంతంగా ముందు భాగం జోలికి వెళ్లకండి. మధ్య ప్లేటు వరకు చాలు.

ప్లేట్లు, కోత, వంపు, బోల్టులు, రెండుసార్లు చేయించుకున్న తెలివితక్కువతనం, అన్నీ కలిపి పదకొండు వేలయింది. ఒక్కసారే సరిగా చేస్తే ఆరేడుతో పోయేది. నిన్న దించి చూశాను. ముందు ప్లేటు మీద మూడు సొట్టలు, ఎడమ పక్క ఒక లోతైన గీత, రెడ్ ఆక్సైడ్ అంతా లేచిపోయి తుప్పు. ఈ నెల్లోనే ఇంకో రెండు చేతుల రంగు వేసి, అరిగిన రెండు ఉంగరాలు మార్పించాలి. వాగులో నీళ్లు అప్పుడే పెరుగుతున్నాయి.