ఫైనలిస్టు అయ్యారని ఈమెయిల్ వస్తే డబ్బు కట్టే ముందు: విద్యార్థుల వ్యాసరచన పోటీల గురించి ఒక హెచ్చరిక

కళాశాల, పరిశోధక విద్యార్థులకు అంతర్జాతీయ వ్యాసరచన పోటీ అన్న ప్రకటనను నమ్మి నేను మూడు విడతలుగా డబ్బు కట్టాను. డబ్బు పోవడం ఒక ఎత్తు, నా సిద్ధాంత వ్యాసంలోని ఒక అధ్యాయాన్ని ఎక్కడ ప్రచురించాలన్నా చిక్కులు వచ్చిపడటం మరొక ఎత్తు. ఇటువంటి నిర్వాహకులు పేర్లు మార్చుకోవడం కష్టమేమీ కాదు కాబట్టి, వారి పేరు కన్నా వారి పద్ధతిని గుర్తుపట్టడం మీకు ఎక్కువ ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

ఇంకా పట్టా రాని నన్ను 'డాక్టర్' అని సంబోధిస్తూ మొదటి ఈమెయిల్ వచ్చింది. అక్కడే నాకు అనుమానం రావలసింది. ప్రవేశ రుసుము స్వల్పంగానే ఉండటంతో ఒక ఆదివారం రాత్రి వ్యాసం పంపించాను. సోమవారం మధ్యాహ్నానికల్లా నేను ఫైనలిస్టునని, తుది మూల్యాంకనానికి మరికొంత చెల్లించాలని జవాబు వచ్చింది. అదీ చెల్లించిన వారానికి ద్వితీయ బహుమతి ప్రకటించి, సర్టిఫికెట్ ముద్రణకు, పతకం కొరియర్‌కు కలిపి మూడో రుసుము అడిగారు. ఒక్కొక్క విడతా చిన్నదే. కానీ ముందు కట్టినది వృథా కాకూడదన్న ఆలోచనతో తరువాతి విడత కట్టడమే నేను చేసిన పొరపాటు.

ఆ బహుమతి లేఖలో న్యాయనిర్ణేతల అభిప్రాయం అంటూ 'ఉదాహరణల ఎంపిక ప్రశంసనీయం' అని ఒక వాక్యం ఉంది. అది చదివి సంతోషించి, నేను పంపిన ఫైలును మళ్లీ తెరిచి చూసుకున్నాను. హడావిడిలో తుది ప్రతికి బదులు పాత చిత్తుప్రతిని పంపినట్టు అప్పుడు తెలిసింది. నాలుగో పేజీలో ఉదాహరణలు ఉండవలసిన చోట పసుపు రంగు గుర్తుతో 'ఇక్కడ రెండు ఉదాహరణలు రాయాలి, లెక్క మళ్లీ చూడాలి' అన్న నా సొంత గమనిక అలాగే ఉండిపోయింది. ఆ పేజీని ఎవరూ చదవలేదనడానికి నాకు ఇంతకన్నా రుజువు అక్కరలేదు. అదే వారంలో, ఏ వ్యాసమూ పంపని మా ప్రయోగశాల సహ విద్యార్థికి కూడా 'మీరు ఫైనలిస్టు' అన్న ఈమెయిల్ అవే మాటలతో వచ్చింది. అసలు పాల్గొనని పోటీలో మిమ్మల్ని ఫైనలిస్టుగా ప్రకటించడం మోసానికి గుర్తు అని, విద్యార్థి వేతనాల పేరిట జరిగే మోసాల విషయంలో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఎప్పటినుంచో చెబుతోంది. ఆ హెచ్చరికను నేను డబ్బు కట్టిన తరువాత చదివాను.

రుసుము అడిగిన ప్రతి పోటీ మోసమేనని మాత్రం అనుకోకండి, ఎందుకంటే అలా అనుకుంటే మంచి అవకాశాలు చేజారిపోతాయి. 1985 నుంచి జరుగుతున్న గణిత నమూనాల పోటీ ఎంసీఎంలో ముగ్గురు విద్యార్థుల వరకు ఒక జట్టుగా నాలుగు రోజులపాటు ఒకే సమస్య మీద పనిచేస్తారు. దానికి జట్టుకు 100 డాలర్ల రుసుము ఉంటుంది. అయితే ఎన్ని జట్లు పాల్గొన్నాయో, ఏ శ్రేణిలో ఎన్ని నిలిచాయో ఫలితాలతో పాటే ప్రకటిస్తారు కాబట్టి అక్కడ వచ్చిన గుర్తింపుకు విలువ ఎంతో ఎవరైనా లెక్క వేసుకోవచ్చు. అమెరికా, కెనడా డిగ్రీ విద్యార్థులకు 1938 నుంచి జరుగుతున్న పుట్నమ్ (Putnam) గణిత పోటీ మరీ స్పష్టం: ఆరు గంటల్లో 12 ప్రశ్నలు, ఒక్కొక్కదానికి 10 చొప్పున మొత్తం 120 మార్కులు, అయినా చాలా సంవత్సరాల్లో మధ్యస్థ మార్కు, అంటే వరుసలో సరిగ్గా నడిమికి వచ్చే విద్యార్థి మార్కు, సున్నా లేదా ఒకటి. మొదటి ఐదు స్థానాల వారి పేర్లు ఏటా నమోదవుతాయి. 1939 జాబితాలో భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ పేరు ఈనాటికీ చూడవచ్చు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2008లో మొదలుపెట్టిన మూడు నిమిషాల పరిశోధన ప్రసంగ పోటీలోనూ ఒకే ఒక్క కదలని స్లైడు ఉండాలి, మూడు నిమిషాలు దాటితే అనర్హత అన్న నియమాలు అందరికీ ముందే తెలుస్తాయి.

కంప్యూటర్ శాస్త్రంలో ఆ రంగంవారి అంతర్జాతీయ సంఘమైన ఏసీఎం ఇచ్చే ఉత్తమ డాక్టరల్ సిద్ధాంత వ్యాస పురస్కారానికి విద్యార్థి తనంతట తాను దరఖాస్తు చేసుకోవడం కుదరదు, విశ్వవిద్యాలయమే ప్రతిపాదించాలి. ఎంపికైన వారికి 20,000 డాలర్లు అందుతాయి. అక్కడ డబ్బు విద్యార్థి చేతికి వస్తుంది. నాకు వచ్చిన బహుమతిలో విద్యార్థి చేతి నుంచి మాత్రమే వెళ్లింది. ఎందరు పోటీ పడ్డారు, ఎవరు నిర్ణయించారు, నిరుటి విజేతలు ఎవరు అని నేను మూడుసార్లు రాసి అడిగాను. మూడుసార్లూ రుసుము చెల్లించే లింకే జవాబుగా వచ్చింది. ఈ మూడు ప్రశ్నలను డబ్బు కట్టక ముందే అడగవలసిందని నా బాధ.

అన్నింటికన్నా ఎక్కువ నష్టం నేను చదవకుండా అంగీకరించిన షరతుల వల్ల జరిగింది. వ్యాసం పంపడమంటేనే దాని మీద పూర్తి ప్రచురణ హక్కులను నిర్వాహకులకు బదిలీ చేయడమని, ఎంపికైన తరువాత ఉపసంహరించుకుంటే అందుకు వేరే రుసుము చెల్లించాలని పదకొండో నిబంధనలో ఉంది. విజేతల వ్యాసాలతో సంకలనం వేస్తున్నామని వారు రాసినప్పుడు కూడా నాకు దాని అర్థం బోధపడలేదు. ఆ లేఖ చూసిన మా గైడు మాత్రం వెంటనే ఆందోళన పడ్డారు. పరిశోధన జర్నళ్లు సాధారణంగా వ్యాసం ఇంతకు ముందు ఎక్కడా ప్రచురితం కాలేదని, మరెక్కడా పరిశీలనలో లేదని రచయిత నుంచి హామీ తీసుకుంటాయి. రెండేళ్ల క్షేత్ర పరిశోధనతో రాసిన అధ్యాయాన్ని ఎవరూ చదవని సంకలనానికి అప్పగిస్తే, దాన్ని నిజంగా చదివి విమర్శించగలిగిన చోటికి పంపే దారి మూసుకుపోతుంది. అందువల్ల మీరు ఏ పోటీకి పంపినా ముందుగా హక్కుల నిబంధన వెతికి చదవండి. పోటీ ప్రచారానికి సారాంశాన్ని వాడుకునే అనుమతి అడగడం వేరు, వ్యాసం మొత్తాన్ని రాయించుకోవడం వేరు.

ఇప్పటికే ఇలాంటి చోట చిక్కుకున్నవారు ఒక్క ఈమెయిల్‌ను కూడా తొలగించవద్దు. కార్డు ద్వారా చెల్లించి ఉంటే ఆలస్యం చేయకుండా బ్యాంకులో లావాదేవీ వివాదం నమోదు చేయండి. వీసా, మాస్టర్‌కార్డ్ నియమాల్లో ఇలాంటి వాటికి సాధారణంగా 120 రోజుల గడువు ఉంటుంది. నా మొదటి రెండు చెల్లింపులు బ్యాంకు ఖాతా నుంచి నేరుగా వెళ్లినందున ఈ మార్గం నాకు మూడో దానికే మిగిలింది. సిగ్గుపడి గైడుకు చెప్పకుండా దాచవద్దు, నేను నెల రోజులు దాచడం వల్లనే సంకలనం విషయం అంత దూరం వెళ్లింది.

ప్రస్తుతం నా రెజ్యూమెలోంచి ఆ బహుమతిని తీసివేశాను. ప్రచురణకు నా సమ్మతిని ఉపసంహరించుకుంటున్నట్టు తేదీతో సహా లేఖ పంపాను, జర్నల్ సంపాదకులకు జరిగినదంతా దాచకుండా తెలియజేశాను. వ్యాసం సంకలనంలో రాలేదని లిఖితపూర్వకమైన ధ్రువీకరణ ఉంటే పరిశీలిస్తామని వారు బదులిచ్చారు. ఆ ధ్రువీకరణ కోసం అడిగితే నిర్వాహకులు ఉపసంహరణ రుసుము బిల్లు పంపించారు. దాన్ని నేను చెల్లించలేదు. మా విశ్వవిద్యాలయ న్యాయ సలహాదారు తయారుచేసిన జవాబు ఈ వారం వారికి వెళ్లింది.