మెట్ల లైటుకి మాడ్యూలా, టచ్ ప్యానెలా?

కింద ఒకటి, పైన ఒకటి టూవే స్విచ్‌లున్న మెట్ల లైటును ఫోన్‌కి కలపాలంటే నా ఓటు స్విచ్ వెనక దాగే రిలే మాడ్యూల్‌కే, అంటే ఫోన్ చెప్పినట్టు లైటుని ఆన్, ఆఫ్ చేసే చిన్న పెట్టెకే. పాత స్విచ్‌లు, వాటి మధ్య వైర్లు అలాగే ఉంటాయి. పై స్విచ్ నడిమి టెర్మినల్ వైరు లైటుకి కాకుండా మాడ్యూల్ ఇన్‌పుట్‌కి వెళ్తుంది. కొన్ని మోడళ్లలో ఆ ఇన్‌పుట్‌కి ఫేజ్ (కరెంటు వచ్చే వైరు) తగిలితే మాడ్యూల్ కాలిపోతుంది, దాని డయాగ్రమ్ చూడకుండా ముట్టుకోవద్దు. యాప్‌లో ‘ఎడ్జ్’ మోడ్ (స్విచ్ ఎటు నొక్కినా ఆ మార్పునే గుర్తించేది) పెడితే ఏ స్విచ్ నొక్కినా లైటు మారుతుంది. వైఫై పోయినా స్విచ్‌లతో వాడుకోవడానికి ఇబ్బంది లేదు.

చిక్కల్లా న్యూట్రల్‌తోనే (కరెంటు తిరిగి వెళ్లే వైరు). మాడ్యూల్ నడవాలంటే అది స్విచ్ బోర్డులో ఉండాలి. బోర్డులో ప్లగ్ సాకెట్ ఉంటే న్యూట్రల్ కూడా ఉన్నట్టే. మాడ్యూల్‌కి ఎప్పుడూ ఉండే ఫేజ్ కూడా కావాలి.

టచ్ ప్యానెల్ అయితే ఒక చివర పాత స్విచ్ బదులు వేలితో తాకే ప్యానెల్, రెండో చివర గోడకి అంటించే వైర్‌లెస్ బటన్. చూడ్డానికి బాగుంటుంది. కానీ రెండో టూవే స్విచ్ తీసేసి వైర్లు నేరుగా కలపాలి. లేదంటే ఎవరో అలవాటుగా నొక్కగానే ప్యానెల్‌కి కరెంటే ఉండదు. బటన్ సెల్ అయిపోయిందంటే పైనుంచి చీకట్లో దిగాల్సిందే. గోడలో బాక్స్ మరీ ఇరుకై మాడ్యూల్ పట్టకపోతే మాత్రం ఇదే మేలు. ఏదైనా మెయిన్ ఆఫ్ చేసి, టెస్టర్ పెట్టి చూశాకే.