నాలుగేళ్ల వాడకం తర్వాత: మా ల్యాబ్‌లో వేయించిన రెండు పూతలు

నల్లగొండలో మేము నడుపుతున్న చిన్న రక్తపరీక్షల ల్యాబ్‌లో నాలుగేళ్ల క్రితం రెండు రకాల పూతలు వేయించాము. రక్తం తీసే బల్లకూ తలుపు పిడులకూ వెండి అయాన్లు (విద్యుదావేశమున్న వెండి పరమాణువులు) కలిసిన క్రిమినాశక పూత, సింకు చుట్టూ ఉన్న టైల్స్‌కు నీటిని నిలవనివ్వని సిలికా పూత.

సిలికా పూత గురించి ముందుగా చెప్పాలి. మా బోరు నీటిలో ఫ్లోరైడు సంగతి లోకమంతా ఎరిగినదే గానీ, శుభ్రతకు రోజూ అడ్డు తగిలేది ఆ నీటి కాఠిన్యం. బొట్టు ఆరిన ప్రతిచోటా సున్నపు గార మిగులుతుంది, ఆ గరుకులో మురికి పట్టుకుంటుంది, మురికి చాటున క్రిములు నిలుస్తాయి. పూత వేశాక నీరు అంటకుండా జారిపోవడంతో, మొదటి ఏడాదిన్నర పాటు సాయంత్రం ఒకసారి తడిగుడ్డతో తుడిస్తే సరిపోయింది. తర్వాత కుళాయి కింద మళ్లీ గార కట్టసాగింది. అక్కడ పీచుతో రుద్దుతూ, బ్లీచింగ్ పౌడర్ నీళ్లు పోస్తూ వచ్చాము. రాపిడికి, క్షారానికి ఇలాంటి పూత అరిగిపోతుందని అమ్మినవారు ముందే చెప్పి ఉండవలసింది.

వెండి పూత విషయంలో నా ఆశే ఎక్కువైంది. కరపత్రంలో 99.9 శాతం క్రిములు చస్తాయని పెద్ద అక్షరాలలో ఉంది, కింద చిన్నగా ఐఎస్ఓ 22196 అని, అంటే ఏ అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పరీక్షించారో ఉంది. ఆ పరీక్షలో క్రిములున్న ద్రవాన్ని పూత మీద పలుచని పొరగా పరిచి, 35 డిగ్రీల వేడిలో, 90 శాతానికి తగ్గని తేమలో 24 గంటలు ఉంచుతారు. వెండి అయాన్లు బయటికి రావడానికి తడి కావాలి. ఏప్రిల్, మే నెలల్లో మా బల్ల ఎముకలా ఎండి ఉంటుంది. పైగా ఒకరు లేచిన రెండు నిమిషాలకే మరొకరు వచ్చి చెయ్యి చాపుతారు. రక్తపు చుక్క పడి ఎండితే ఆ పొర కింద పూత ఉన్నా లేనట్టే. అందుకే రక్తం పడినప్పుడు చేతి తొడుగులు వేసుకుని, దాన్ని తుడిచి, 1 శాతం హైపోక్లోరైట్ (బ్లీచు) ద్రావణం పోసి పది నిమిషాలు ఆగే పద్ధతిని ఒక్కరోజూ మానలేదు, పూత ఉందన్న ధీమాతో మా సిబ్బందిని మాననివ్వలేదు కూడా.

ఈసారి సింకు టైల్స్‌కు మాత్రమే పూత మళ్లీ వేయించాము. పీచు తీసేసి మెత్తని గుడ్డ ఇచ్చాము, చివరి తుడుపు ఫిల్టరు నీటితో చేయిస్తున్నాము. బల్లకు అతుకులు లేని నున్నని గ్రానైట్ వేయించాము.