పదమూడేళ్లకు పైగా మా ఇంటి డిస్క్ ప్లేయర్: ప్లేస్టేషన్ 3 స్లిమ్

2011 దీపావళికి బెంగళూరు మారతహళ్లిలోని మా అద్దె ఇంటికి సోనీ వాళ్ల వీడియో గేమ్ పెట్టె ప్లేస్టేషన్ 3 స్లిమ్ (పీఎస్3) వచ్చింది. ఆటల కోసం కొనలేదు. అప్పుడే మా పాత డీవీడీ ప్లేయర్ మూలపడింది. డీవీడీ కన్నా స్పష్టమైన బొమ్మ ఇచ్చే బ్లూరే డిస్క్‌ల కోసం విడిగా ప్లేయర్ కొనే బదులు ఇది తెస్తే బ్లూరేలు, డీవీడీలు, నాన్న కీర్తనల సీడీలు అన్నీ ఒకే పెట్టెలో ఆడతాయని లెక్క వేసుకున్నాను. ఆ లెక్క తప్పలేదు. ఇప్పటికీ టీవీ కింద అదే ఉంది.

మా దగ్గర రెండు వందల దాకా డీవీడీలు ఉన్నాయి. 34 రూపాయలకే డీవీడీ దొరికిన రోజుల్లో అనంతపురం వెళ్లినప్పుడల్లా కొన్నవే ఎక్కువ. మామూలు డీవీడీ బొమ్మను ఇది హెచ్‌డీ టీవీకి సరిపడే 1080పీకి పెంచి చూపిస్తుంది. పాత ప్లేయర్‌లో మొహాల చుట్టూ పాకే మసక చాలావరకు పోయింది. వీడియో సెట్టింగ్స్‌లో ఇలా బొమ్మను పెంచే అప్‌స్కేలర్‌ని 'నార్మల్'లోనే ఉంచండి. 'ఫుల్ స్క్రీన్' పెడితే బొమ్మ సాగిపోతుంది. 'ఆర్‌జీబీ ఫుల్ రేంజ్' అనేదాన్ని కూడా ముట్టుకోకండి. మా టీవీలో అది 'ఫుల్'లో పెట్టినప్పుడు రాత్రి సీన్లన్నీ నల్లగా ముద్దయిపోయాయి. కారణం పట్టుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. కొన్ని పాత తెలుగు డీవీడీల్లో బొమ్మ నాలుగు వైపులా నల్ల పట్టీలతో చిన్నగా కనిపిస్తుంది. వాటిని పాత చదరపు టీవీల కోసం చేశారు. టీవీ రిమోట్‌లో జూమ్ నొక్కితే సరిపోతుంది.

బ్లూరే సంగతి వేరు. డిస్క్‌లో 25 లేదా 50 జీబీ జాగా ఉంటుంది, వీడియో సెకనుకు 40 మెగాబిట్ల దాకా వస్తుంది. ఓటీటీలో అదే సినిమా చూసి, వెంటనే డిస్క్ పెట్టి చూస్తే వాన సీన్లో, పొగ సీన్లో తేడా స్పష్టంగా తెలుస్తుంది. తెలుగు సినిమాలు బ్లూరేలో చాలా తక్కువగా రావడం మాత్రం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

బొమ్మతో ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఇబ్బందంతా చేతిలో పట్టుకునే దానితోనే. మొదటి ఏడాది ఆటల కంట్రోలర్‌తోనే సినిమాలు నడిపాం. దాన్ని దివాన్ మీద పెడితే చాలు, వెనకున్న ఆర్2 మీట నొక్కుకుపోయి సినిమా ముందుకు పరుగెత్తేది. అమ్మ హడలిపోయేది. "నేనేం నొక్కలేదురా, అదే పోతాంది" అనేది. తర్వాత ముట్టుకోవడమే మానేసింది. నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా డిస్క్ కవర్‌ పక్కన పెట్టుకుని ఎదురు చూసేది. సినిమా పెట్టుకోవడానికి ఆవిడ నాకోసం కాచుకోవాల్సి రావడం నాకు చాలా కష్టంగా అనిపించింది.

మామూలు రిమోట్‌లు దీనికి పనికిరావు, ఎందుకంటే ఈ పెట్టెకు ఇన్‌ఫ్రారెడ్ కన్ను లేదు, అంతా బ్లూటూత్. చివరికి సోనీ వాళ్ల బీడీ (బ్లూరే డిస్క్) రిమోట్ తెచ్చాను, అదీ బ్లూటూత్‌దే. రెండు పెన్సిల్ సెల్స్‌తో నెలల తరబడి నడుస్తుంది. టీవీ వైపు గురిపెట్టాల్సిన పని లేదు, వంటింటి గుమ్మంలో నిలబడి కూడా పాజ్ చేయొచ్చు. పెట్టెను ఆన్ చేసేదీ, డిస్క్ బయటికి తీసేదీ కూడా దాంతోనే. ప్లే, పాజ్, ఎజెక్ట్ మీద ఎర్ర స్టిక్కర్లు అంటించి ఇచ్చాను. వారంలో అమ్మ మధ్యాహ్నాలు తనే సినిమాలు పెట్టుకోవడం మొదలుపెట్టింది. నా దృష్టిలో ఇది మా ఇంట్లో సినిమా ప్లేయర్ అయింది ఆ రోజునే. తర్వాత కొత్త టీవీ కొన్నాక సిస్టమ్ సెట్టింగ్స్‌లో 'కంట్రోల్ ఫర్ హెచ్‌డీఎంఐ' ఆన్ చేశాను, హెచ్‌డీఎంఐ తీగ ద్వారా టీవీ రిమోట్‌తోనూ ప్లే, పాజ్ పనిచేశాయి. మీ టీవీలో అది కుదురుతుందేమో ముందు చూసుకోండి.

మా ఇంట్లో సినిమా ఒక్క విడతలో చూడటం తక్కువ. డీవీడీ అయితే మర్నాడు పెట్టినా ఆపిన చోటు నుంచే మొదలవుతుంది. బ్లూరేలు చాలావరకు మళ్లీ మొదటి నుంచి వస్తాయి, చాప్టర్ నంబర్ గుర్తుంచుకోవాలి. 1.5 రెట్ల వేగంతో, మాట చెడకుండా చూసే వీలు కూడా ఉంది. నాన్నకు అది బాగా నచ్చింది.

వీసీడీలను మాత్రం మా పెట్టె గుర్తించలేదు. వాటిలోని డాట్ (.dat) వీడియో ఫైళ్లను కంప్యూటర్‌లో కాపీ చేసి, పేరు చివర ఎంపీజీ (.mpg) అని మార్చి, పెన్‌డ్రైవ్‌లో పెడితే ఆడాయి. మా చెల్లెలి పెళ్లి డీవీడీతో ఇంకో చిక్కు వచ్చింది. ఫొటోగ్రాఫర్ డిస్క్‌ని ఫైనలైజ్ చేయకుండా, అంటే వేరే ప్లేయర్లు చదివేలా రాత ముగించకుండా ఇచ్చేశాడు, దాంతో ఖాళీ డిస్క్‌లాగే కనిపించింది. వెనక్కి పంపి చేయించుకున్నాం. ఇప్పుడు ఎవరి పెళ్లికి వెళ్లినా ఆ మాట చెప్పి వస్తున్నాను.

ఎనిమిదో ఏడాదిలో బ్లూరేలు చదవడం మానేసింది, డీవీడీలు మాత్రం ఆడేవి. బ్లూరేకి నీలం లేజర్, డీవీడీకి ఎరుపు లేజర్, అవి వేర్వేరు కాబట్టి ఇలా సగం చెడటం జరుగుతుంది. బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్‌పీ రోడ్‌లో లేజర్ యూనిట్ మార్పించి, ఫ్యాన్‌లో దుమ్ము తీయించాను. అప్పటి నుంచి షోకేస్ లోపల కాకుండా బయట పెట్టాం. ఏప్రిల్ ఎండల్లో ఫ్యాన్ కాస్త హోరెత్తుతుంది, సినిమా శబ్దంలో వినపడదు. కరెంట్ పోతే డిస్క్ లోపలే ఉండిపోతుంది కాబట్టి టీవీతో పాటు దీన్నీ ఇన్వర్టర్ మీద పెట్టించాను.

ఒక విషయం చాలామంది పట్టించుకోరు. కొత్త బ్లూరేలు ఆడాలంటే పెట్టెలోని రహస్య తాళం ఎప్పటికప్పుడు మారాలి. ఈ పాత మోడల్‌కు ఈ మధ్య ఏళ్లలో కూడా అందుకోసం అప్‌డేట్ వస్తూనే ఉంది. అది నెట్ ద్వారా వస్తుంది కాబట్టి వైఫై తీసేసి పక్కన పెట్టకండి.

పోయిన ఏడాది తమ్ముడు తన కొత్త తరం ప్లేస్టేషన్, పీఎస్5 తెచ్చి పెట్టాడు. 4కె డిస్క్‌ల బొమ్మ అద్భుతంగా ఉంది, అందులో సందేహం లేదు. నాన్న సీడీ పెడితే మాత్రం పాడలేదు. పీఎస్4 నుంచే ఆడియో సీడీలు ఆడటం లేదు. పాత పీఎస్3 మళ్లీ దాని జాగాలోకి వచ్చింది.

మీరు సెకండ్‌హ్యాండ్‌లో పీఎస్3 చూస్తున్నట్టయితే, వెంట ఒక బ్లూరే, ఒక డీవీడీ, ఒక ఆడియో సీడీ తీసుకెళ్లి ఒక్కొక్కటి పది నిమిషాలు ఆడించి చూడండి. రిమోట్ కూడా ఇస్తారేమో అప్పుడే అడగండి.